పట్టు జారకూడదు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పది రోజుల క్రితం ఫోను చేసి, "పదిహేను నిమిషాలు మాట్లాడాలి, నలుగురికీ పనికొచ్చే విషయం ఏదైనా తీసుకోండి" అన్నారు. డి.ఏ. బకాయిల గురించి చెప్పడానికి నాకంటే సమర్థులు ఈ సభలోనే ఉన్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పడానికి డాక్టరు గారు వచ్చారు. ఆధ్యాత్మికం మాట్లాడే అర్హత నాకు లేదు. ఎల్.డి.సి.గా చేరి ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళ మధ్య కూర్చున్నవాణ్ణి. నాకు ఖచ్చితంగా తెలిసిన విషయం ఒకటే ఉంది. సైకిల్ హ్యాండిల్‌కి రబ్బరు గ్రిప్పు చిరగకుండా, జారకుండా ఎలా ఎక్కించాలో నాకు తెలుసు. నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. పదిహేను నిమిషాలయ్యాక ఇంటికి వెళ్ళి మీ చేతికర్రనో, వాకర్‌నో, మనవడి సైకిల్‌నో ఒక్కసారి పట్టి చూస్తే నాకు అంతే చాలు.

నేను 1973లో ఉద్యోగంలో చేరాను. ఆఫీసు అబిడ్స్ దగ్గర, అద్దె ఇల్లు మల్లేపల్లిలో. సైకిల్ అడ్వాన్సు పెట్టుకుని సైకిల్ కొన్నాను. నెలనెలా జీతంలో వాయిదా కోసేవారు. అప్పట్లో మన గుమాస్తాలకు సైకిలే రథం. అట్లాస్ అనేవారు కొందరు, హీరో అనేవారు కొందరు, కాస్త ఉన్నవాళ్ళు ర్యాలీ అనేవారు. ఉదయం పదింటికి ఆఫీసు స్టాండులో సైకిళ్ళు ఒకదానికొకటి చిక్కుకుని, సాయంత్రం మనది విడిపించుకోవడమే ఒక పని. రోజూ నా దారి మల్లేపల్లి నుంచి ఏక్ మినార్ మసీదు మీదుగా, నాంపల్లి స్టేషన్ ముందు నుంచి అబిడ్స్ జి.పి.ఓ. వైపు. 1907లో కట్టిన ఆ నాంపల్లి స్టేషన్ ముందు అప్పుడూ ఇప్పుడూ రద్దీయే. ఇప్పుడు నెత్తిమీద మెట్రో వచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి ఆ దారిలో నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్ల మీదుగా రైళ్ళు తిరుగుతున్నాయి. అప్పుడు మాత్రం రిక్షాలు, సైకిళ్ళు, ఆర్టీసీ బస్సులు, వాటి మధ్య మనం.

ఇక అసలు సంగతి. 1979 జూలైలో ఒక ఆదివారం నా సైకిల్‌కి కొత్త గ్రిప్పులు వేశాను. పాతవి ఎండకి పగిలి, చెమటకి జిడ్డుపట్టి చేతులకి నల్లగా అంటుకునేవి. నల్ల మరకలతో ఫైలు ముట్టుకుంటే సూపరింటెండెంటు గారు ఊరుకుంటారా? అందుకని కొత్త జత కొన్నాను. ఎంత తోసినా సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. వంటింట్లోంచి కొబ్బరినూనె సీసా తెచ్చి గ్రిప్పు లోపల రాశాను. సర్రున ఎక్కేసింది! రెండోదీ అంతే. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అదే వారంలో ఒక సాయంత్రం, సన్నగా వాన పడుతోంది. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. ముందు కడ్డీ మీద చిన్న సీటు బిగించి వాణ్ణి కూర్చోబెట్టుకుని అబిడ్స్‌లో బట్టలు కొని ఇంటికి వస్తున్నాను. నాంపల్లి స్టేషన్ దాటాక ఎదురుగా రిక్షా అడ్డం వచ్చింది. ఎడమ చేత్తో గట్టిగా లాగి తిప్పబోయాను. గ్రిప్పు హ్యాండిల్ నుంచి ఊడి నా చేతిలోకి వచ్చేసింది. రబ్బరు ముక్క ఒక్కటే నా చేతిలో ఉంది, హ్యాండిల్ ఇంకోవైపు తిరిగింది. తండ్రీకొడుకులం రోడ్డు మీద పడ్డాం. వెనకాల వస్తున్న బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి ఇవాళ మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. నా మణికట్టు విరిగింది. వాడి గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. వాడికిప్పుడు యాభై ఏళ్ళు. గడ్డం గీసుకున్నప్పుడల్లా ఆ గీత కనిపిస్తుంది. వాడికి ఆ రోజు గుర్తులేదు. నాకు గుర్తుంది.

కట్టు విప్పాక వంకరపోయిన సైకిల్‌ని నాంపల్లిలో ఒక సందులో చెట్టు కింద కూర్చుని రిపేర్లు చేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఆయన గ్రిప్పు తీసి, లోపల వేలు పెట్టి, వాసన చూసి, నా మొహంలోకి చూశాడు. "తేల్ లగాయే క్యా సాబ్?" అన్నాడు. అవునన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. ముక్కాలిపీట జరిపి కూర్చోమన్నాడు. ఆ రోజు ఆయన చూపించినదే ఇవాళ నేను మీకు చెప్పబోయేది. దానికి తర్వాత నేను చదివి తెలుసుకున్నది కాస్త కలుపుతున్నాను.

ముందు గ్రిప్పు ఎందుకు నిలుస్తుందో అర్థం చేసుకోవాలి. హ్యాండిల్ గొట్టం పైకొలత మామూలుగా 22 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. గ్రిప్పు లోపలి రంధ్రం దానికంటే కొద్దిగా చిన్నది. రబ్బరు సాగి గొట్టాన్ని బిగించి పట్టుకుంటుంది. ఆ బిగింపే దాని బలం. ఎక్కించేటప్పుడు మనకు జారుడు కావాలి. ఎక్కిన తర్వాత జారుడు అసలు ఉండకూడదు. కాబట్టి మనం రాసేది ఏదైనా పని అయ్యాక మాయమైపోవాలి. నూనె మాయం కాదు. లోపలే ఉండిపోతుంది. గ్రీజు అంతే, వాజెలిన్ అంతే. పైగా గ్రీజు, కిరసనాయిలు, ఇంజన్ ఆయిలు లాంటివి అసలు రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. అంటే జారుడుకి జారుడు, చేటుకి చేటు.

మరి ఏం రాయాలి? ఉస్తాద్ దగ్గర చిన్న సీసాలో స్పిరిట్ ఉండేది, కొయ్యసామానుకి పాలిష్ పెట్టేవాళ్ళు వాడేది. నాలుగు చుక్కలు గ్రిప్పులో పోసి, వేలితో మూసి, గిలకరించి, ఒలకబోసి వెంటనే ఎక్కించేవాడు. స్పిరిట్ కాసేపు జారుడుగా ఉండి తర్వాత ఆవిరైపోతుంది. ఇప్పుడు మీరు మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ అడిగితే ఇస్తారు. అది చాలు. దీపం దగ్గర, గ్యాస్ పొయ్యి దగ్గర మాత్రం ఈ పని చేయకండి, చప్పున అంటుకుంటుంది. కిటికీ తెరిచి చేయండి. కరోనా కాలంలో కొన్న శానిటైజర్ ఇంట్లో మిగిలిపోయింది, అది పనికిరాదా అని మా వియ్యంకుడు అడిగారు. జెల్లీలా ఉండే రకం వద్దు. దాన్ని చిక్కబరచడానికి కలిపినవి, చేతులు పొడిబారకుండా కలిపిన గ్లిజరిన్ ఆవిరి కావు, లోపలే ఉండిపోతాయి.

స్పిరిట్ దొరక్కపోతే ఉత్త నీళ్ళు. నీళ్ళతో కాస్త కష్టపడాలి, ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, కానీ మోసం చేయవు. సబ్బునీళ్ళు చాలామంది వాడతారు. వాడితే ఒకటి రెండు చుక్కల సబ్బే వేయండి. సబ్బు ఆరినా పొరలా మిగులుతుంది. వానలో తడిస్తే మళ్ళీ జారుతుంది.

ఇప్పుడు వరసగా చెబుతాను. అమ్మాయిలెవరైనా రాసుకుంటే మంచిది, మా వయసువాళ్ళం ఇంటికెళ్ళేలోపు మర్చిపోతాం.

మొదట పాత గ్రిప్పు తీయడం. దాన్ని పారేసేదైతే పొడవునా బ్లేడుతో చీల్చండి, బ్లేడు మీ చేతికి ఎదురుగా రాకుండా బయటివైపుకు నడపండి. మళ్ళీ వాడుకునేదైతే స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తకండి. గ్రిప్పులు ఎక్కువగా చిరిగేది అక్కడే. పాత సైకిల్ చువ్వ ఒకటి తీసుకుని, దాని కొనని ఆకురాయితో గుండ్రంగా చేసి, గ్రిప్పు అంచు కిందకి మెల్లగా దూర్చండి. దూర్చిన సందులో స్పిరిట్ చుక్కలు పోయండి. చువ్వని గొట్టం చుట్టూ తిప్పండి. లోపలంతా తడిశాక గ్రిప్పుని అటూ ఇటూ మెలితిప్పితే వచ్చేస్తుంది. లాగవద్దు, తిప్పండి.

రెండోది గొట్టం శుభ్రం. పాత రబ్బరు జిడ్డు అంటుకుని ఉంటుంది. ఉత్త ఇనుము మీద దాన్ని కిరసనాయిలుతో తుడవచ్చు, కాని తర్వాత సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తుప్పు ఉంటే ఉప్పుకాగితంతో రుద్దాలి. అన్నిటికంటే ముఖ్యం గొట్టం కొస. అక్కడ కోసినప్పటి కరుకు అంచు ఉంటుంది. దాన్ని ఆకురాయితో నున్నగా చేయకపోతే, మీరు ఎక్కించేటప్పుడే అది రబ్బరుని లోపల గీరేస్తుంది. బయటికి ఏమీ కనబడదు. ఆరు నెలలకి కొస తెగి బయటికి వస్తుంది.

మూడోది గ్రిప్పుని మెత్తబరచడం. చలికాలమైతే, లేదా గట్టి ప్లాస్టిక్ రకమైతే, రెండు మూడు నిమిషాలు వేడినీళ్ళలో వేయండి. చెయ్యి పట్టలేనంత మరిగే నీళ్ళు వద్దు. మంట మీద కాచడం అసలే వద్దు.

నాలుగోది ఎక్కించడం. అన్నీ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టాలి. స్పిరిట్ పోసి గిలకరించాక క్షణం ఆగకూడదు. అరచేయి గ్రిప్పు కొస మీద పెట్టి, కొద్దిగా మెలితిప్పుతూ ఒకే ఊపులో తోయాలి. సగంలో ఆగి ఎవరితోనైనా మాట్లాడితే స్పిరిట్ ఆరిపోయి అక్కడే పట్టేస్తుంది. అప్పుడు బలవంతం చేయకండి. అంచు దగ్గర మళ్ళీ చుక్కలు పోసి, వెనక్కి తిప్పి తీసి, మళ్ళీ మొదలుపెట్టండి. సుత్తి పెట్టి కొట్టేవాళ్ళని చూశాను. కొడితే గొట్టం అంచు రబ్బరు కొసని బిళ్ళలాగా కోసి బయటికి తీస్తుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. కొస మూసి ఉన్న గ్రిప్పులో, గొట్టం కొసకి కూడా బిరడా ఉంటే, లోపలి గాలికి పోయే దారి ఉండదు. సైకిల్ పంపులా అది వెనక్కి తోస్తుంది. మీరు ఎంత తోసినా చివరి అర అంగుళం ఎక్కదు. బలం చాలక కాదు, గాలి అడ్డం. అప్పుడు ఆ నున్నటి చువ్వని గొట్టానికీ గ్రిప్పుకీ మధ్య పెట్టి తోయండి, గాలి పక్కనుంచి పోతుంది. చివర్లో చువ్వ లాగేయండి. ఇది చూపించేటప్పుడే ఉస్తాద్ నాతో అన్న మాట: "జల్దీ నక్కో సాబ్, హవా కో రాస్తా దేవ్." ఆఫీసులో ఎన్నో ఫైళ్ళ విషయంలో ఈ మాట గుర్తుకొచ్చేది నాకు. ఎక్కడో గాలి అడ్డం ఉంటుంది, మనం బలం పెడుతూ ఉంటాం.

అయిదోది ఆరనివ్వడం. ఎక్కించిన వెంటనే బండి తీయకండి. ఒక రాత్రంతా వదిలేయండి. నీళ్ళతో ఎక్కించి ఉంటే ఇంకో రోజు వదలండి. మర్నాడు రెండు చేతులా పట్టి తువ్వాలు పిండినట్టు మెలితిప్పి చూడండి. బయటికి లాగి చూడండి. వెంట్రుకవాసి కదిలినా అది పనికిరాదు, కొలత తప్పయినా అయి ఉండాలి, లోపల ఏదైనా జిడ్డయినా ఉండాలి.

జిగురు పెట్టవచ్చా అని అడుగుతారు. సరైన కొలత గ్రిప్పుకి జిగురు అక్కర్లేదు. క్షణంలో పట్టేసే జిగురు వాడితే సగంలోనే పట్టేస్తుంది, తర్వాత గట్టిపడి పెళుసుగా విడిపోతుంది. స్కూటర్లు, మోటారుసైకిళ్ళు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కుడిచేతి గ్రిప్పు గొట్టం మీద కాకుండా ఎక్సిలేటరు తిప్పే తొడుగు మీద ఎక్కుతుంది, దాని రంధ్రం ఎడమదానికంటే పెద్దది. రెండూ తారుమారు చేయకూడదు. అక్కడ జిగురు కారి లోపలికి పోతే ఎక్సిలేటరు తిరిగి రాదు. ఆ బండి నడిపేది మన పిల్లలే.

ఇప్పుడు మనవళ్ళ సైకిళ్ళ మాట. చిన్నపిల్లలు సైకిల్‌ని గోడకి కొట్టి, కింద పడేసి, గ్రిప్పు కొస చిరిగిపోయేలా చేస్తారు. ఇనుప గొట్టం నోరు బయటికి వస్తుంది. పిల్లవాడు పడినప్పుడు హ్యాండిల్ అడ్డం తిరిగి ఆ కొస పొట్టలో గుచ్చుకుంటుంది. పైకి చిన్న గుండ్రటి మచ్చే ఉంటుంది, లోపల కాలేయానికో, పేగుకో, క్లోమానికో దెబ్బ తగలవచ్చు. పిల్లల డాక్టర్లకు ఇది బాగా తెలిసిన ప్రమాదం. హ్యాండిల్ కొస పొట్టకి తగిలిన పిల్లవాడు ఆడుకుంటున్నా సరే, డాక్టరుకి చూపించండి. నొప్పి, వాంతి మొదలైతే ఒక్క గంట కూడా ఆగవద్దు. కొస చిరిగిన గ్రిప్పు కనబడితే ఆ రోజే మార్చండి. దాని ఖరీదు మనం ఒక పూట తాగే టీ టిఫిన్లంత ఉండదు.

చివరగా మన సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది, అయినా చెబుతాను. 2023లో మా ఆవిడకి మోకాలి ఆపరేషను అయింది. నడవడానికి వాకరు కొన్నాం. నాలుగు వారాలకి కుడివైపు పిడి మీది తొడుగు వదులైంది, పట్టుకుంటే చేతిలో తిరుగుతోంది. ఆవిడ నాతో చెప్పింది. గ్రిప్పుల విషయంలో నాకంటే తెలిసినవాడు మా వీధిలో లేడు. ఆ రోజు బుధవారం. "ఆదివారం చూస్తాలే" అన్నాను. శుక్రవారం రాత్రి ఆవిడ స్నానాలగదికి లేచింది. బరువంతా కుడిచేతి మీద వేసింది. తొడుగు తిరిగింది, చెయ్యి జారింది. తలుపు చెక్క పట్టుకుంది కాబట్టి కూలబడిపోలేదు. భుజం కమిలింది, అంతే. ఆపరేషను చేసిన మోకాలికి దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదో డాక్టరు గారికి తెలుసు.

నేను లైటు వేసి లేపి కూర్చోబెట్టాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆవిడ అంది, "నలభై నాలుగేళ్ళ క్రితం కూడా ఆదివారమే కదండీ" అని. నేను కొబ్బరినూనె రాసిన ఆదివారం. అన్నేళ్ళు ఒక్కమాట అనలేదు ఆవిడ. అప్పుడు ఆదివారం తొందరపడ్డాను, ఇప్పుడు ఆదివారానికి వాయిదా వేశాను. తెలియక చేసిన తప్పుకి ఉస్తాద్ క్షమించాడు. తెలిసి చేసినదానికి ఎవరు క్షమించాలి?

ఆ రాత్రే, రెండింటికి, పాత తొడుగు తీసి చూశాను. లోపల చెమట, చేతికి రాసుకునే నూనె చేరి జిడ్డుపట్టి ఉంది. గొట్టం తుడిచి, తెల్లారాక కొత్త తొడుగు తెచ్చి, స్పిరిట్‌తో ఎక్కించి, ఒక రోజు ఆరనిచ్చాను. ఆ రోజంతా ఆవిడ నడవాల్సి వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకుని నడిచింది.

కాబట్టి మిత్రులారా, మీ వాకర్ల పిడులు, చేతికర్రల పిడులు నెలకొకసారి మెలితిప్పి చూడండి. పింఛను పడిన రోజు అని పెట్టుకుంటే మర్చిపోరు. చేతికర్ర కింద ఉండే రబ్బరు బుష్‌ని కూడా తిరగేసి చూడండి. దాని అడుగున గీతలు అరిగి నున్నగా అయినా, ఒకపక్కకి అరిగినా, లోపలి ఇనుము తెల్లగా కనబడినా మార్చేయాలి. తడిసిన నాపరాళ్ళ మీద నున్నటి బుష్ సబ్బుబిళ్ళతో సమానం. కొత్తది కొనేటప్పుడు కర్రని వెంట తీసుకెళ్ళి కొలత చూసి కొనండి. వదులుగా ఉన్నదానికి కాగితం చుట్టి బిగించే పని మాత్రం చేయకండి. బుష్‌ని కూడా నూనె రాసి ఎక్కించకండి. స్పిరిట్, లేదా నీళ్ళు, కొద్దిగా మెలితిప్పడం, కాస్త ఓపిక.

నా పాత సైకిల్ ఇప్పుడు లేదు. ఉస్తాద్ లేడు. ఆయన కూర్చున్న చెట్టూ లేదు. కానీ ఆయన నా చేతిలో పెట్టిన ఆ కొస నున్నగా అరగదీసిన చువ్వ మాత్రం మా ఇంట్లో ఉంది. ఇవాళ తెచ్చాను. టీ విరామంలో ఎవరైనా చేతికర్రలు, వాకర్లు చూపించదలచుకుంటే నేను ఆ మూల కూర్చుంటాను. స్పిరిట్ సీసా కూడా తెచ్చాను. ఆదివారం దాకా ఆగనక్కర్లేదు.